కారు పటమా, ఫోను పటమా?

కారు కొనేవారు దారి చూపే యంత్రం కోసం అదనంగా సొమ్ము పెట్టనక్కరలేదు. జేబులో ఉన్న ఫోను ఆ పని అంతకన్న బాగా చేస్తుంది. ఇది నా అభిప్రాయం. తెలుగు పండితుడికి కార్ల గొడవ ఏల అని మిత్రులు నవ్వవచ్చు. నాకు కారు నడపడం రాదు. ఉద్యోగకాలమంతా సైకిలు మీదా బస్సు మీదా బడికి వెళ్ళినవాణ్ణి. అయితే నడిపేవాని ప్రక్క సీటులో కూర్చొని దారి చెప్పే ఉద్యోగం మాత్రం మా ఇంట చిరకాలంగా నాదే. ఆ ఉద్యోగానికి ఇప్పుడు ఇద్దరు పోటీదారులు వచ్చారు గనుక వారి గుణదోషాలు విచారించే అధికారం నాకున్నదనుకుంటాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. కంపెనీవారే కారులో అమర్చి ఇచ్చే నావిగేషనును ఈ టపాలో 'కారు పటం' అంటాను. ఫోనులో వాడుకొనే మ్యాప్స్‌ను 'ఫోను పటం' అంటాను. ఫోనును చరవాణి అని వ్రాయాలని చేయి దురద పెడుతుంది గానీ, చీపురుపల్లి మెయిన్ రోడ్డులో ఆ మాట అంటే రీఛార్జి దుకాణం కుర్రవాడు నా మొహం వంక వింతగా చూస్తాడు.

మా ప్రాంతంలో చదువుకున్నవారిలో కూడా ఒక అపోహ ఉన్నది. సిగ్నలు లేకపోతే ఫోనుకు దారి తెలియదనీ, కారు పటానికి ఆ బాధ లేదనీ అంటారు. ఇందులో సగమే నిజం. మనం ఎక్కడున్నామో తెలిపేవి ఉపగ్రహాలు. కనీసం నాలుగు ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాల కాలాలను పోల్చి యంత్రం తన చోటును లెక్క కట్టుకుంటుంది. అందుకు టవరూ అక్కరలేదు, నెట్టూ అక్కరలేదు. ఆకాశం కనబడితే చాలు. అమెరికావారు తమ జి.పి.ఎస్. సంకేతాలను సామాన్యులకు కావాలనే మసకబరచి ఇచ్చేవారు. 2000 మే నెలలో ఆ పద్ధతిని ఎత్తివేసిన తరువాతనే ఈ వ్యవహారమంతా రోడ్డు మీద పనికివచ్చేంత సూక్ష్మమైనది. మన శ్రీహరికోట నుండి కూడా 2013 జులై 1న మొదటిదీ, 2016 ఏప్రిల్ 28న ఏడవదీ పైకి ఎగిరి 'నావిక్' అనే మన సొంత వరుస ఏర్పడింది. (పేరు పెట్టినవారిని మెచ్చుకోవాలి. ఆంగ్లపు పొడి అక్షరాలను కూర్చి సంస్కృత శబ్దాన్ని రాబట్టడం తేలిక కాదు.) కాబట్టి చోటు తెలుసుకొనే విద్య ఇద్దరికీ ఒకటే. తేడా అంతా పటం ఎక్కడ ఉన్నది, ఎప్పటిది, ఎవరు దిద్దుతున్నారు అన్నదానిలో ఉన్నది.

వయస్సులో పెద్దవాడు కారు పటమే. 1981లో జపానులో హోండావారు తమ అకార్డ్ కారుకు 'ఎలక్ట్రో జైరోకేటర్' అనే పరికరం తగిలించారు. అప్పటికి కార్లకు ఉపగ్రహాల సాయం లేదు. హీలియం వాయువుతో పనిచేసే జైరోస్కోపు బండి ఎటు తిరిగిందో చెబుతుంది. చక్రం ఎంత దూరం దొర్లిందో మరొక మీట చెబుతుంది. తెర మీద పటం అచ్చువేసిన పారదర్శకమైన ఫలకాన్ని పెట్టుకుంటే దాని వెనుక వెలుగు చుక్క కదులుతూ పోతుంది. ఫలకం అంచు దాటితే దాన్ని తీసి మరొకటి పెట్టుకోవాలి. 1985లో అమెరికాలో 'ఈటాక్' అనే సంస్థ పటాలను క్యాసెట్లలో ఎక్కించి అమ్మింది. మనం ఘంటసాల పాటలు విన్న క్యాసెట్ల వంటి వాటిలోనే వారు ఊళ్ళ వీధులు దాచుకున్నారన్నమాట.

ఈ వంశలక్షణం నేటి కారు పటంలోనూ మిగిలి ఉన్నది. ఉపగ్రహం కనబడని సొరంగంలోనైనా చక్రాల భ్రమణాన్ని బట్టి అది తన నడకను అంచనా వేసుకోగలదు. ఫోనుకు చక్రాల సంగతి తెలియదు. ఇది కారు పటానికి నిజమైన గొప్పే. కానీ చీపురుపల్లి నుండి విజయనగరం వెళ్ళినా, పాలకొండ వెళ్ళినా, శ్రీకాకుళం వెళ్ళినా సొరంగం ఒక్కటీ తగలదు. మనకు తగిలేది వేరొక చిక్కు: పటం ముసలిదైపోవడం.

మా జిల్లానే చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకు ముందు రోజు దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరంలో కలిశాయి. పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయింది. మా చీపురుపల్లికి రెవిన్యూ డివిజను హోదా వచ్చింది. ఇవి కాగితం మీది మార్పులే కదా అంటారా? నేల మీద కూడా మారినవి ఉన్నాయి. విశాఖ నగరం లోపలికి దూరకుండా ఆనందపురం నుండి అనకాపల్లికి వెడల్పాటి కొత్త రహదారి పడింది. అది లేని కాలపు పటం ఉన్న కారు, తుని అన్నవరం వైపు పోయేవారిని ఇప్పటికీ గాజువాక రద్దీ గుండానే తీసుకుపోతుంది. కారు ఆయుర్దాయం పదిహేనేళ్ళు. అందులోని పటానికి ఉచితంగా సవరణలు ఇచ్చేది తొలి కొన్నేళ్ళు. ఆ తరువాత సొమ్ము కట్టి కార్డు తెచ్చుకోవాలి, లేదా సర్వీసింగుకు ఇచ్చినప్పుడు అడిగి వేయించుకోవాలి. అలా వేయించుకున్నవాణ్ణి నేను ఇంతవరకు ఒక్కణ్ణీ చూడలేదు. ఫోను పటానికి ఈ శ్రమ లేదు. మనం నిద్రపోతుండగా అది తన్ను తాను దిద్దుకుంటుంది.

మా అల్లునికి కారు పటం ఉన్న బండి ఒకటి ఉన్నది. ఏ కంపెనీదో చెప్పను. రెండేళ్ళ క్రిందట రేగిడి ఆమదాలవలస మండలంలో ఒక పెళ్ళికి బయలుదేరాము. శుభలేఖలో, మన వాళ్ళ అలవాటు ప్రకారం, ఊరి పేరు క్రింద 'ఆమదాలవలస మం.' అని మాత్రమే అచ్చయింది. అల్లుడు కారు తెరలో ఆ ఊరి పేరు కొడితే అటువంటి ఊరే లేదన్నది. ఆమదాలవలస కొడితే మాత్రం సంతోషంగా పొందూరు మీదుగా తూర్పుదారి చూపింది. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఆమదాలవలస వేరు, రేగిడి ఆమదాలవలస వేరు. మొదటిది శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషను ఉన్న పట్టణం. రెండవది రాజాం దాటి ఉత్తరాన ఉన్నది. "ఇది చెప్పినట్టే పోదామండీ మావయ్యగారూ, యంత్రం కదా" అన్నాడు అల్లుడు. "యంత్రమే నాయనా, కానీ దానికి మన చుట్టాలు తెలియరు" అని చెప్పి వీధి మలుపు దాటక మునుపే ఆపించాను. వెనుక సీటులోని మనుమరాలు ఫోను తీసి అదే పేరు కొట్టింది. ఊరు వచ్చింది, మండలం పేరుతో సహా. ఆమదాలవలస అని కొట్టి చూస్తే రెండూ వరుసగా చూపి ఏది కావాలో ఎంచుకొమ్మన్నది. ఈ ఒక్క సద్బుద్ధి చాలు, నా ఓటు ఫోనుకు పడడానికి.

అయినా ప్రతిపక్షం వాదన పూర్తిగా వినాలి. రోహిణి కార్తెలో అద్దం క్రింద తగిలించిన ఫోను అరగంటలో పెనంలా కాలి, తెర మసకబారి, చివరకు తనంతట తానే ఆరిపోతుంది. కారు పటం ఎండను ఓర్చుకొనేటట్లు తయారైనది. ఫోనులో దారి చూస్తుండగా వియ్యపురాలు పిలిస్తే తెర మీద మలుపు మాయమై ఆమె పేరు ప్రత్యక్షమవుతుంది. ఇక తుపానుల సంగతి మా వాళ్ళకు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ, దానితోబాటు ఫోనులూ రోజుల తరబడి పడిపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చివేసినప్పుడూ అంతే. అటువంటి వేళ నెట్ మీద ఆధారపడ్డ పటం ఉత్త అద్దంముక్క. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండదారులలో తుపాను లేకపోయినా సిగ్నలు దోబూచులాడుతుంది. అయితే దీనికి విరుగుడు ఉన్నది. మనం తిరిగే జిల్లాల పటాన్ని ముందుగానే ఫోనులోకి దించి పెట్టుకోవచ్చు. గూగుల్ పటాలలో అలా దించుకున్న దానితోనే మలుపు మలుపుకూ దారి చెప్పే వసతి 2015 చివరి నుండి ఉన్నది. రద్దీ సంగతులు మాత్రం అప్పుడు తెలియవు. అయితే తుపాను మరునాడు మనకు కావలసింది రద్దీ వివరం కాదు, చెట్టు ఎక్కడ పడ్డదో. అది ఏ పటానికీ తెలియదు, ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకు తెలుస్తుంది.

ఎండకూ ఫోను పిలుపులకూ కూడా పదేళ్ళుగా సమాధానం ఉన్నది. 2014, 2015 సంవత్సరాలలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో అనేవి వచ్చాయి. ఫోను నీడలో చల్లగా పడి ఉంటుంది; దాని పటం కారు తెర మీద కనబడుతుంది; మాట కారు స్పీకర్లలో వినబడుతుంది. అందుచేత నా తీర్పు ఇది: తెరకు సొమ్ము పెట్టండి, పటానికి పెట్టవద్దు. తెర లేని పాత బండి అయితే ఫోనును చేతిలో పట్టుకోక, చూపుకు అడ్డురాని చోట గట్టిగా బిగించుకోండి. నడిపేవాడు దారి కోసం ఫోను వాడుకోవచ్చుననీ, అయితే దారి కోసమే, అదీ ఏకాగ్రత చెడకుండా వాడుకోవాలనీ 2020 అక్టోబరు 1 నుండి అమలైన కేంద్ర మోటారు వాహనాల నియమాల సవరణ చెబుతున్నది.

కార్ల కంపెనీలకు ఈ తీర్పు రుచించదు. 2023లో జనరల్ మోటర్స్‌వారు తమ రాబోయే విద్యుత్ కార్లలో ఫోను పటాన్ని తెర మీదికి రానివ్వమని ప్రకటించారు. మనం ఎక్కడికి పోతున్నామన్న సంగతికి విలువ ఉన్నది గనుక ఆ సంగతి ఫోనువాడికి పోవడం కారువాడికి ఇష్టం ఉండదు. (ఎవరికీ పోకుండా ఉండే మార్గం అడగకండి, సైకిలు ఉన్నది.) అమెరికాలో ఉన్న మన పిల్లలకు మరొక అనుభవం కలిగింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి ఏటీ అండ్ టీ సంస్థ 3జీని మూసివేసినప్పుడు, ఆ జాలం మీద ఆధారపడిన అనేక కార్లలో నెట్ సేవలు నిలిచిపోయాయి. ఫోనైతే మార్చుకుంటాము. కారు లోపలి మోడెము కోసం కారు మారుస్తామా?

ఇంత చెప్పి ఫోను పటం దోషాలు దాచితే పక్షపాతమవుతుంది. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర, రామగంగ మీద తెగిపోయి ఉన్న వంతెన నుండి కారు పడి ముగ్గురు మరణించారు. వారు ఫోను చూపిన దారినే పోయారని వార్తలు వచ్చాయి. వంతెనకు అడ్డు కట్టని ఇంజనీర్ల మీద కూడా పోలీసులు కేసు పెట్టారు, అది సబబే. ఆ స్థలంలో కారు పటం ఉంటే మాత్రం రక్షించి ఉండేదా? పాత పటానికి ఆ వంతెనే తెలియకపోవచ్చు. తెలిస్తే అదీ అక్కడికే తీసుకుపోయేది. రద్దీ విషయంలోనూ ఫోను పటం సర్వజ్ఞ కాదు. ఇతరుల ఫోనులు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి రద్దీని ఊహిస్తుంది, అంతే. 2020లో బెర్లినులో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు తొంభై తొమ్మిది ఫోనులను చేతిబండిలో వేసి ఖాళీ వీధిలో లాక్కొని పోతే పటంలో ఆ వీధి ఎర్రబడింది! మా పల్లెదారులలో దీనికి విలోమం జరుగుతుంది. అమ్మవారి జాతరకు ఎడ్లబళ్ళూ ఆటోలూ కలిసి దారి నిండిపోయినా, కదిలే ఫోనులు చాలక, పటం నిర్మలంగా ఉంటుంది. పైగా దగ్గరదారి అంటే దానికి మహాప్రీతి. ఎదురుగా ట్రాక్టరు వస్తే తప్పుకొనే చోటు లేని చెరువుగట్టు మీదికి పెద్ద కారును తోలిస్తుంది. మోటారు సైకిళ్ళకు వేరే దారి చూపే ఏర్పాటును గూగుల్‌వారు 2017 డిసెంబరులో మన దేశంలో తెచ్చారు. గట్టు వెడల్పు తెలిసిన పటం మాత్రం ఇంకా పుట్టవలసి ఉన్నది.

అందువల్ల నడిపేవాడు అద్దం దించి మనుషులను అడిగే అలవాటు మానకూడదు. "రేగిడి ఎల్లాలంతే రాజాం మీంచే బాబూ, గెడ్డ దాటేక కుడిచేతి పక్క" అని చెప్పే ముసలాయనకు ఏ సవరణా అక్కరలేదు.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతికి వస్తాను. గూగుల్ పటం తెలుగులో దారి చెప్పడం 2018 మార్చిలో మొదలయింది. ఆ రోజు నేను పొందిన ఆనందం, తొలిసారి తెర మీద యూనికోడు తెలుగు చూసిననాడు మీలో పలువురు పొందిన ఆనందం వంటిదే. "ఎడమవైపు తిరగండి" అని వాహనంలో మన భాష వినబడింది. కానీ ఊరి పేరు రాగానే గొంతు తడబడుతుంది. కారణం మీకు చెప్పనక్కరలేదు. పేరు ముందు తెలుగు నుండి రోమను లిపికి పోతుంది. అక్కడ హ్రస్వదీర్ఘాలు పోగొట్టుకొని, ద-డ, త-ట, ల-ళ భేదాలు విడిచి, మళ్ళీ తెలుగులోకి వస్తుంది. ఆర్.టి.ఎస్. పద్ధతిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు ఏరుకుంటూ టైపు చేసిన మనకు ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో తెలుసు. ప్రభుత్వపు రోమను స్పెల్లింగుకు ఆ శ్రద్ధ లేదు. అందుచేత నేను విన్న ఒక పటపు గొంతులో రాజాం 'రాజం' అయింది. తెర్లాం 'థెర్లం', బాడంగి 'బదంగి', లావేరు 'లవేరు' అయ్యాయి. ఖద్దరుకు పేరెన్నిక గన్న పొందూరు 'పోండురు' అయి కూర్చున్నది. మా మెరకముడిదాం పేరు వినగానే మెరకనేల మీది ఊరని తోస్తుంది; అది 'మేరకముదిదం' అయితే ఏమి తోస్తుంది? వలస, పేట, పాలెం, పుట్టుగ అని ముగిసే మా పేర్లు ఒక్కొక్కటి ఆ ఊరు ఎలా పుట్టిందో సూచించే మాటలు. పేర్లను తనంతట తానే తెలుగులోకి మార్చే వసతిని అదే సంస్థ 2021 జనవరిలో పెంచింది. అందులో దుకాణాల పేర్లు చక్కబడ్డాయి గానీ, పల్లెల పేర్లు అన్నీ ఇంకా దారికి రాలేదు.

పెద్దవాళ్ళకు దీనివల్ల నష్టం లేదు, నవ్వుకొని ఊరుకుంటారు. నా మనుమరాలు హైదరాబాదులో పెరిగింది. పెళ్ళినాడు రాజాం దాటుతూ, "తాతయ్యా, రాజం వచ్చేసింది" అన్నది. దిద్దాను. మరొక గంటకు మళ్ళీ రాజం అన్నది, యంత్రం మళ్ళీ అన్నది గనుక. బడిలో ఒక మాట పిల్లల చేత సరిగా పలికించడానికి పదిసార్లు చెప్పేవాణ్ణి. ఈ యంత్రం పగలూ రాత్రీ చెబుతుంది, ఇంటింటా చెబుతుంది. నాతో పోటీకి అది పడడం కాదు, నేనే దానితో పడలేను.

పేరు అసలే లేకపోతే గతి ఇంకా అన్యాయం. మా బంధువుల శివారు పల్లె ఒకటి పాతిక గడప ఉంటుంది. ఒక రాత్రి అక్కడ ఒక పెద్దామెకు ఆయాసం వచ్చి 108కు ఫోను చేశారు. బండి వచ్చింది, కానీ పటంలో ఆ పల్లె లేదు. ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద తారురోడ్డు దాకా ఎదురు వెళ్ళి తీసుకొని రావలసి వచ్చింది. ఆమె బ్రతికింది. మరునాడు నేను ఆ కుర్రవాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొని ఫోను పటంలో ఆ పల్లె పేరు, తెలుగులో, రామమందిరం గుర్తుతో సహా చేర్పించాను. కొన్నాళ్ళకు అది అందరికీ కనబడింది. 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లోనూ చేర్చాము. అందులో తెలుగు పేరుకు వేరే గడి ఉన్నది, కనుక రోమను ప్రయాణం బాధ లేదు. తెలుగు వికీపీడియాలో ఊళ్ళ పేర్లు దిద్దిన మన మిత్రులకు ఈ పని పండుగలా ఉంటుంది. రాజాం గూడా పంపాను, ఇంకా జవాబు రాలేదు.

అదే సవరణ అల్లుని కారు పటంలోకి పంపుదామని ఒక పూట కూర్చొని వెతికాను. రంగులు మార్చుకోవచ్చు, ఆడగొంతు మగగొంతు మార్చుకోవచ్చు, తెరమీది బాణం బదులు చిన్న కారుబొమ్మ పెట్టుకోవచ్చు. పేరు తప్పని చెప్పే చోటు కనబడలేదు. సర్వీసింగుకు వెళ్ళినప్పుడు అక్కడి కుర్రవాణ్ణి అడిగాను. నా పాత శిష్యుడే. "అది మన చేతిలో నేదు మాస్టారూ, కంపినీ నుంచే రావాల" అన్నాడు.